ముందద్దం మీద బొట్టు

మా వైపు కారు కొనేటప్పుడు రంగు గురించి రోజుల తరబడి మాట్లాడతారు. సీటు కవర్లు ఏవి వేయించాలి, డ్యాష్‌బోర్డు మీద ఏ దేవుణ్ణి పెట్టాలి, వెనక అద్దం మీద ఎవరి పేరు రాయించాలి, అన్నిటికీ ఇంటిల్లిపాదీ సలహా చెబుతారు. ఏ అద్దంలోంచి చూసి బండి నడపాలో దాని గురించీ, వాన పడితే దాన్ని తుడవాల్సిన రబ్బరు ముక్కల గురించీ ఎవరూ నోరెత్తరు. మా ఇంట్లోనూ అంతే. కారుతో పాటు వచ్చిన వైపర్లు ఎండకు ఎండి, అంచులు చీలి, అద్దం మీద గీతలు గీస్తున్నా వాటితోనే నెట్టుకొచ్చాం. మార్పిద్దామంటే మా ఆయన "వానాకాలం రానీ, చూద్దాం" అనేవారు. తీరా వానాకాలం వస్తే "ఇంకెన్నాళ్ళులే" అనేవారు.

ఆ కారు ఎక్కువగా నడిపింది నేను. మాది తెనాలి. నేను రేపల్లెలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆయనకు ఊళ్ళోనే పురుగుమందుల షాపు, దానికి స్కూటరు చాలు. పిల్లలు హాస్టళ్ళకు వెళ్ళాక పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకున్నాను. పొద్దున్నే వంట ముగించి, నా బండి నేను తోలుకుంటూ వేమూరు మీదుగా రేపల్లె వెళ్ళే ఆ కాసేపే నేను ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని సమయం. అది నాకు జీతం కంటే ఎక్కువ. దాన్ని ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను.

ఆ రోడ్డు తెలిసినవాళ్ళకు వర్ణించక్కర్లేదు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క వరి. ట్రాక్టర్లు పొలంలోంచి ఎక్కి బురదంతా తారు మీద వదిలి వెళతాయి. అడవులదీవి వైపు నుంచి వచ్చే రొయ్యల వ్యాన్లు దారి పొడుగునా నీచునీళ్ళు కారుస్తూ పోతాయి. వాన పడినప్పుడు వాటి వెనక చిక్కుకుంటే ఆ నీళ్ళూ ఆ బురదా కలిసి వచ్చి అద్దానికి జిడ్డుగా పట్టుకుంటాయి. ఈ మాత్రానికే మంచి వైపర్లు కావాలి. మా అద్దానికి దీనికి తోడు మా వదినగారు కూడా ఉన్నారు.

వదినగారంటే మా ఆయన అక్క. చిన్నప్పుడే తల్లి పోతే ఆయన్ని పెంచింది ఆవిడే. బాపట్లలో ఉంటారు. ఏటా దసరాకు మా ఇంటికి వచ్చి బండి పూజ తన చేత్తోనే చేస్తారు. ఆంజనేయస్వామి గుళ్ళో సింధూరం తెచ్చి, నువ్వులనూనెలో చిక్కగా కలిపి, ముందద్దం నడిమధ్య పెద్ద బొట్టు, దాని కిందుగా స్వస్తిక్, డ్రైవరు వైపు మూడు నిలువు గీతలు పెడతారు. నూనె కిందికి కారుతూ వైపర్ల దాకా వస్తుంది. పెట్టాక ఒక నియమం చెబుతారు. ఆ బొట్టు దానంతట అది పోవాలి గానీ మనం చెయ్యి పెట్టి చెరపకూడదు. కారు మా ఆయన పేరున ఉంది కదా, మగవాడి బండి బొట్టు చెరపడమంటే ఆడవాళ్ళకు ఏమిటో విడమరిచి చెప్పాల్సిన పని ఆవిడకు ఎప్పుడూ రాలేదు.

దసరా వెళ్ళగానే మాకు తుపాన్లు మొదలవుతాయి. ఒక ఏడు అలాగే భట్టిప్రోలు దగ్గర వాన అందుకుంది. వైపర్ వేశాను. ఎండిన రబ్బరు ఆ సింధూరం నూనెను ఈ చివర నుంచి ఆ చివరకు పూసేసింది. అద్దమంతా ఎర్రటి పొగ. ఎదురుగా వచ్చే లారీ లైట్లు రోడ్డంత వెడల్పున పరుచుకున్నాయి. వాషర్ నీళ్ళు కొడితే, అందులో మా ఆయన పోసిన షాంపూ నురగ కూడా కలిసింది. పక్క అద్దం దించి తల బయట పెట్టి, కాలవ ఎటుందో చూసుకుని బండి పక్కకు తీశాను. దిగి పమిట చెంగుతో తుడిస్తే ఇంకా అలుక్కుపోయింది. తడుస్తూ అక్కడే నిలబడ్డాను. భయం వేసింది. భయం కంటే కోపం ఎక్కువ వేసింది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి తెనాలిలో స్పేర్ పార్టుల షాపుకు వెళ్ళాను. వైపర్లు కావాలన్నాను.

"సార్ రాలేదాండి?" అన్నాడు షాపాయన.

"బండి నేనే నడుపుతానండి."

"నడిపితే నడిపారు గానీ, ఏ రకం వెయ్యాలో ఒకసారి సార్‌కి ఫోన్ చేసి అడగండి మేడమ్. అయినా రబ్బరుకి కాస్త కొబ్బరినూనె రాయండి, మెత్తబడుద్ది. అద్దానికి కాడ పొగాకు రుద్దితే చాలు, నీళ్ళు నిలబడవు. మా లారీలోళ్ళందరూ అదే చేస్తారు."

నేను నూనె వల్లే చచ్చేదాన్ని, ఈయన మళ్ళీ నూనె రాయమంటున్నాడు. నేనే ఆయన బల్ల మీద బ్లేడ్లు పరిచి చూశాను. ఇనప చట్రం ఉన్నవి రెండు చివరలా నొక్కుతాయి, మధ్యలో వదిలేస్తాయి. మా అద్దానికి వంపు ఎక్కువ. చట్రం లేకుండా వంగేవైతే పొడుగంతా సమానంగా అద్దాన్ని పట్టుకుంటాయి. డ్రైవరు వైపుది పొడుగు, పక్కది పొట్టి. షాపాయన రెండూ ఒకటే కొలత ఇవ్వబోయాడు. రబ్బరు అంచు మీద వేలు గోరుతో గీసి చూసి, గట్టిగా ఉన్నవి పక్కన పెట్టాను. నీళ్ళు నిలవకుండా అద్దానికి పూసే మందు కూడా ఒక సీసా అడిగాను. అది అమ్మేటప్పుడు ఆయన నా వంక చూడనే లేదు.

ఆ మందు ఊరికే పూస్తే పట్టదు. ముందు అద్దం మీద జిడ్డు చుక్క లేకుండా పోవాలి. ఒక ఆదివారం మా వాకిట్లో నీడలో బండి పెట్టి, అంట్లు తోమే సబ్బుతో రెండుసార్లు కడిగి, అద్దాలకు వేసే పాలిష్‌తో రుద్దాను. నీళ్ళు పోస్తే ఎక్కడా చీలకుండా ఒక్క పొరగా జారేదాకా రుద్దాను. అంటే బొట్టు చెరిపాను. ఇందులో దాచేది ఏమీ లేదు. తర్వాత మందు గుడ్డకు తడిపి గుండ్రంగా పూసి, తెల్లగా ఆరాక పొడిగుడ్డతో తుడిచాను. పొరలు పొరలుగా వదిలేస్తే వైపర్ టకటక కొట్టుకుంటుంది, అందుకని చేతులు నొప్పెట్టేదాకా తుడిచాను. మా ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటూ చూశారు. ఒక్క మాట అనలేదు. ఆయన మాట్లాడకపోవడం ఒప్పుకోవడమే అనుకున్నాను.

ఆ వారంలోనే జోరువాన పడింది. బండి వేగం అందుకోగానే అద్దం మీద చినుకులు పూసల్లా దొర్లుకుంటూ పైకి పోయాయి. మెల్లగా వెళ్ళినప్పుడు మాత్రం నిలబడతాయి, అప్పుడు వైపర్ ఒక్కసారి తిరిగితే శుభ్రం. కాలవ గట్టు, గట్టు మీద గొడుగు వేసుకుని నడిచే మనిషి, ఎదురు బండి నంబరు, అన్నీ కనపడ్డాయి. ఒక్కదాన్నే నవ్వుకుంటూ నడిపాను. ఇంత చిన్న పనికి ఇన్నేళ్ళు ఆగామా అనిపించింది. ఆ ఏడంతా హాయిగా గడిచింది.

మళ్ళీ దసరా వచ్చింది. సింధూరం గిన్నె పట్టుకున్న వదినగారితో ముందే చెప్పాను. "వదినగారూ, ఈసారి బోనెట్ మీద పెట్టండి. అద్దం మీద నూనె పడితే వానలో దారి కనపడట్లేదు."

"అద్దం బండికి మొహం అమ్మాయ్. మొహం వదిలేసి ఎవరన్నా వీపు మీద బొట్టు పెడతారా?" అన్నారు ఆవిడ. అన్నంతసేపట్లో మూడు గీతలూ పెట్టేశారు.

మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఆవిడ వెళ్ళేదాకా ఊరుకో, తర్వాత నీ ఇష్టం" అన్నారు. నేను ఊరుకోలేదు. మర్నాడు కాలేజీ ఉంది, ఆకాశం మూసుకుని ఉంది. సాయంత్రం ఆవిడ కళ్ళ ముందే బకెట్టు తెచ్చి అద్దం కడిగేశాను. వదినగారు గుమ్మంలో నిలబడి చివరిదాకా చూశారు. ఆ తర్వాత మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా బాపట్ల బస్సెక్కారు.

అక్క ఫోన్ ఎత్తకపోయేసరికి మా ఆయన నాలుగు మెతుకులు సరిగా తినలేదు. కార్తీకమాసంలో ఒక ఆదివారం, నేను పేపర్లు దిద్దుకుంటుంటే, కారు తీసుకుని బాపట్ల వెళ్ళారు. అక్కడ ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఆవిడ ఏడ్చారట. ఈయనా ఏడ్చారట. దోషం పోవాలని ఆవిడ మళ్ళీ సింధూరం కలిపి, ఈసారి అద్దం నిండా పెట్టి, ఇల్లు చేరేదాకా చెరపనని ఈయన చేత మాట తీసుకున్నారట. సాయంత్రం బయల్దేరితే పొన్నూరు దాటాక వాన పట్టుకుంది. రోడ్డు వారగా వడ్ల బస్తాలతో లైటు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కును గుద్దారు. ప్రాణం దక్కింది. కుడి మోకాలి చిప్ప పగిలిపోయింది.

గుంటూరు ఆసుపత్రిలో ఆపరేషను అయ్యాక, గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు ఆయనే చెప్పారు.

"ఏమీ కనపళ్ళేదే. అంతా ఎర్రగా అయిపోయింది. వైపర్ వేసేకొద్దీ ఇంకా ఎక్కువైంది."

"దిగి తుడుచుకోవాల్సింది కదండీ."

"అక్కకి మాటిచ్చాను" అన్నారు.

నాకు జాలి వేసింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, కొంచెం ఊరట కూడా కలిగింది. ఆయనకు తెలిసింది కదా, ఇక ఎవరేమన్నా ఆయన చెబుతారు అనుకున్నాను. ఒక్క మాట చెబితే చాలు. నాకు కావాల్సింది అంతే.

ఇంటికి తెచ్చాక చూడటానికి బంధువులందరూ వచ్చారు. మంచం పక్కన కుర్చీలో వదినగారు కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకూ మొదటి నుంచీ చెప్పారు. "మగాడి బండికి పెట్టిన బొట్టు చెరిపితే ఏమవుద్దో చూశారుగా. నేను మళ్ళీ పెట్టబట్టి ప్రాణంతో బయటపడ్డాడు." విన్నవాళ్ళు అయ్యో అని నా నుదుటి వంక చూసేవాళ్ళు. కాఫీ గ్లాసులు అందిస్తూ ఆ చూపులన్నీ భరించాను. కొన్నాళ్ళకు ఓపిక పోయింది. గది నిండా జనం ఉండగా ఆయన్నే అడిగాను.

"ఆ రోజు అద్దంలోంచి మీకేం కనపడిందో వీళ్ళకి చెప్పండి."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన దుప్పటి సర్దుకున్నారు. అక్క మొహం చూశారు, నా మొహం చూడలేదు.

"వాన కదా" అన్నారు.

ఆ క్షణాన ఆయన మీద నాకు పుట్టింది కోపం కాదు, అసహ్యం. విరిగిన కాలుతో మంచాన ఉన్న మనిషిని అసహ్యించుకోవచ్చా అని మీరు అడగొచ్చు. నేను అసహ్యించుకున్నాను.

తర్వాతంతా వరసగా జరిగిపోయింది. కారు నా చేతికి అచ్చిరాలేదని పెద్దవాళ్ళు తేల్చారు. గుద్దినప్పుడు నడిపింది నేను కాదని ఎవరికీ గుర్తు రాలేదు. తాళంచెవి ఇమ్మంటే ఆయన "కొన్నాళ్ళు ఆగు, అక్క బాధపడుద్ది" అన్నారు. షెడ్డు నుంచి కొత్త అద్దంతో బండి వచ్చిన రోజు వదినగారు గిన్నెతో సహా దిగారు. ఇప్పుడు దానికి ఒక డ్రైవరు ఉన్నాడు. బొట్టు పోకుండా ఎలా తుడవాలో ఆవిడే అతనికి నేర్పించారు, బొట్టు చుట్టూ తుడుస్తాడు. నువ్వే ఇంకో కారు కొనుక్కోవచ్చు కదా అని కాలేజీలో అంటారు. కొనుక్కోవచ్చు. కొన్న రోజున పూజకు ఎవరొస్తారో వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. నేను బస్సులో వెళుతున్నాను.

మొన్న అల్పపీడనం పట్టి తెల్లవారినప్పటి నుంచీ వాన. మా ఆయన షాపుకు వెళ్ళాలని చొక్కా వేసుకున్నారు. డ్రైవరు కారు గుమ్మం ముందు తెచ్చి పెట్టాడు. ఆయన చేతికర్ర ఊతంగా గడప దాకా వచ్చి, వైపర్లు తిరుగుతున్న ఆ ఎర్రటి అద్దం వంక కాసేపు చూసి, వెనక్కి తిరిగి కుర్చీలో కూర్చున్నారు.

"ఏంటండీ, వెళ్ళరా?"

"కాలు సలుపుతోంది. వాన తగ్గాక చూద్దాం."

నేను గొడుగు తీసుకుని, క్యారేజీ సంచిలో పెట్టుకుని చెప్పులేసుకున్నాను. మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచారు.

"ఆ వానలో బస్సెందుకు? బండి ఖాళీయేగా, రేపల్లె దాకా డ్రైవరు దించుతాడు, కార్లో వెళ్ళు" అన్నారు.