గాలిలో ఏడువందల ముప్పై కిలోమీటర్లు

ఆ రోజుల్లో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో బటన్లు వేలితో నొక్కకుండా థర్మాకోల్ ముక్కకు టూత్‌పిక్కులు గుచ్చి పెట్టేవారు. సాయంత్రానికి ఒక్కటీ మిగిలేది కాదు. లోకమంతా రోగానికి వణుకుతుంటే, ఆ పుల్లలతో పళ్లు కుట్టుకునే ధీరులు మా సూరత్‌లో ఉండేవారు. సొసైటీ సెక్రటరీకి దీనిమీద రెండు పేజీల ఫిర్యాదు రాశాను. ఇలాంటివి బాగా రాస్తానని నాకు పేరు.

ఆ పేరు మా ఊళ్లోనే బట్టల మిల్లులుండే ఉధ్నా దాకా పాకింది. అక్కడ మరమగ్గాల మీద పనిచేసే మనవాళ్లు, లాక్‌డౌన్‌లో రాష్ట్రం దాటే పాసుకు ఆన్‌లైన్ దరఖాస్తు నింపమని వచ్చేవారు. కేంద్ర ప్రభుత్వ గుమాస్తాని కదా, ఫారాలంటే నాకు బెదురు లేదు.

ఒక ఉదయం నలభై ఏళ్లాయన గేటు దగ్గర నిలబడ్డాడు. హైదరాబాద్ ఆసుపత్రిలో వాళ్లన్న ఉన్నాడు. తండ్రి పోయాక పెంచి, మగ్గం నేర్పిన అన్న. రెండు రోజులకు మించి కష్టమన్నారట డాక్టర్లు.

"జర జల్దీ రాయుండ్రి సారూ. పానం ఉండంగ ఒక్కపారి చూస్త. కిరాయి బండి గూడ మాట్లాడిన."

ఎంత దూరం, ఎంతసేపు అని ఫారం అడిగింది. వెతికితే ఒక వెబ్‌సైటు తేల్చి చెప్పింది: ఏడువందల ముప్పై కిలోమీటర్లు, విమానంలో గంటా ఇరవై అయిదు నిమిషాలు. విమానాలు ఆగిపోయాయని దానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

"గింతేనా! మా కార్ఖానల రెండు చాయ్‌ల నడుమ గంత టైమైతది" అని నవ్వాడు.

మా ఆఫీసు టూరు బిల్లుల్లో అతి తక్కువ దూరమే రాయాలి. ఒక్క కిలోమీటరు పెరిగినా ఆడిట్‌వాళ్లు ఎర్రసిరాతో సున్నా చుడతారు. ఇరవై ఏళ్ల అలవాటు ఊరికే పోదు. ఏడువందల ముప్పై అని వేసి, దానికి తగ్గట్టు పద్నాలుగు గంటలు చాలన్నాను. రోడ్డు మీద అది తొమ్మిదివందలు దాటుతుంది. ముప్పై గంటలని రాసినా అడిగే నాథుడు లేడు.

ప్రభుత్వం అడిగినంతే ఇచ్చింది: తెల్లవారుజామున నాలుగు నుంచి సాయంత్రం ఆరు వరకు.

మహారాష్ట్ర సరిహద్దులో బళ్ల వరస నాలుగు గంటలు మింగేసింది. సోలాపూర్ దాటాక ఒక పోలీసు నాకా దగ్గర ఆపేసరికి పాసు చచ్చి గంటయింది. ఫోన్లో ఆ పోలీసుతో నేనే మాట్లాడాను, హిందీలో, ఎంతో మర్యాదగా. ఆయనా మర్యాదగానే బండి వెనక్కి తిప్పించాడు. తిరుగుదారిలో ఉండగానే అన్న పోయాడు. దహనం ఎవరో వీడియోలో చూపించారట.

మూడో రోజు ఆయన మళ్లీ గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నేను టూరు బిల్లుల గురించి, ఆడిట్ గురించి, అతి తక్కువ దూరం అనే నియమం గురించి వివరించాను. బాగానే వివరించాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"మీ సొంతన్న అయితే గిట్లనే రాస్తుంటిరా సారూ?"