ఎందుకు దూకేవు?

"ఎందుకు దూకేవో సెప్పు!" అని నాన్న అడిగాడు. "తెలీదు నాన్నా" అనగానే కొట్టాడు. మళ్లీ అడిగాడు, మళ్లీ కొట్టాడు.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. స్నేహితురాళ్లు చూస్తుండగా కదులుతున్న బస్సులోంచి దూకి మోకాళ్లు పగలగొట్టుకున్నాను. అనకాపల్లిలో కట్టు కట్టించి, రావికమతం బస్సులో నాన్న నన్ను ఇంటికి తీసుకెళ్తున్నాడు. ఎందుకు దూకానో నాకు నిజంగానే తెలీదు. ఆలోచన వచ్చేలోపే కాళ్లు నేల మీదున్నాయి. ఆ మాట ఒక్కరూ నమ్మలేదు. "ఆడపిల్లకి అంత పొగరేటి?" అని వెనక సీటాయన నాన్నని ఇంకా ఎగదోశాడు.

మూడోసారి చెయ్యి లేచింది. పక్క సీట్లో, ఒళ్లో బైబిలు సంచి పెట్టుకుని కూర్చున్న ఒకావిడ ఆ చేతిని గట్టిగా పట్టేసుకుంది.

"నీకెన్నేళ్లు బాబూ?"

"నలబై. అయితే ఏటి?"

"నలబయ్యేళ్లోడివి, నీ సెయ్యి నువ్వే ఆపుకోలేకపోతన్నావు. ఇంత పిల్ల దాని కాళ్లెలా ఆపుకుంటాది?"

నాన్న రావికమతం వచ్చేదాకా ఆ చెయ్యి తొడకింద పెట్టుకునే కూర్చున్నాడు. ఆవిడ మధ్యలోనే ఎక్కడో దిగిపోయింది.

ఆ వయసులో మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుందనీ, దూకమనే భాగం ముందు ఎదిగి, ఆగమనే భాగం అన్నిటికన్నా చివర ఎదుగుతుందనీ చాలా ఏళ్లకి ఒక డాక్టరు రాసింది చదివాను. ఊరట కలగాల్సింది పోయి ఒళ్లు మండింది. ఆ బస్సు నిండా పూర్తిగా ఎదిగిన మెదళ్లే. ఆగమన్నది మాత్రం ఒక్కటే.