బదిలీ మీద బస్సెక్కిన కాక

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదీ ఉండేది కాదు. చదువు అప్పుడే అయిపోయింది, మెట్‌పల్లిలో ఒక చిన్న మానసిక వైద్య కేంద్రంలో కౌన్సెలర్‌గా చేరాను. పెద్దదానిలా కనిపించాలని గంజి పెట్టిన చీర కట్టేదాన్ని (నేను కూర్చున్నా అది నిలబడే ఉండేది). కొత్తగా నేర్చుకున్న వైద్యం మీద మహా మోజు. భయానికొకటి, దిగులుకొకటి, అనుమానానికొకటి అని వేరువేరు చికిత్సలు ఎందుకు? పేర్లు ఎన్నున్నా లోపల జరిగేది చాలావరకు ఒకటే. మనసుకు కష్టమనిపించిన దాన్నుంచి మనిషి తప్పించుకు తిరుగుతాడు, తిరిగినకొద్దీ అది పెద్దదవుతుంది. కాబట్టి కొంచెం కొంచెంగా దాని ఎదుటికి పోయి నిలబడాలి. ఈ మాట ఎవరికైనా చెప్పాలని నా నాలుకకు ఒకటే దురద.

అలా దొరికారు ముగ్గురు. బెల్లంపల్లి బాయిలో, అంటే బొగ్గు గనిలో, పనిచేసి రిటైరై మెట్‌పల్లిలో కూతురి దగ్గరుంటున్న కాక. గ్యాస్ బంద్ చేశానో లేదోనని సందు చివరి నుంచి మళ్లీ మళ్లీ ఇంటికి పరుగెత్తేవాడు. రెండోది, చర్చిలో పాటలు నేర్పే టీచరమ్మ. దిగులుతో పక్క దిగడమే మానేసింది, తమ్ముడు చెయ్యి పట్టి తీసుకొచ్చేవాడు. మూడోది, పవర్‌లూమ్‌లు నడిపే ఇంటి అత్త. ఒకసారి బస్సులో ఊపిరాడక ప్రాణం పోయినంత పనై, అప్పటినుంచి తలుపు మూసే బండి ఏదీ ఎక్కలేదు. ఆమె కొడుక్కి బిడ్డ పుట్టింది. కోడలి పుట్టిల్లు ఖానాపూర్. పై వారం ఆదివారం తొట్టెల, అంటే పసిపిల్లను ఉయ్యాల్లో వేసే వేడుక. "ఆడపిల్ల పుట్టిందని అలిగి నానమ్మ వస్తలేదని అక్కడ అనుకుంటుండ్రట బిడ్డా. నా కోడలు సుత నమ్మినట్టున్నది" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పిల్లను చూడాలని ఆమెకెంత ఆరాటమో నాకు తెలుసు.

"ముగ్గురిదీ లోపల ఒకటే బాధ, మందూ ఒకటే" అని ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి గొప్పగా చెప్పి, తలో పని ఇచ్చి పంపాను. కాక గ్యాస్ ఒక్కసారే కట్టేసి బయటికి రావాలి, టీచరమ్మ పాటల ప్రాక్టీసుకు పోయి కూర్చోవాలి, అత్త బస్సెక్కాలి.

మరుసటి వారం ముగ్గురూ వెలిగే మొహాలతో వచ్చారు. "అయిందా?" అన్నాను. "అందరిదీ అయింది" అన్నాడు కాక, ముగ్గురి తరఫున. "నేను ఖానాపూర్ బస్సెక్కి పోయొచ్చిన. సీటు దొరికింది, పరేషాన్ ఏం లేదు."

"నేను చర్చికి పోయిన. టీచరమ్మ జాగల కూసున్న, మంచిగ పాడిండ్రు, ఛాయ్ గూడ పోసిండ్రు" అంది అత్త.

"గ్యాస్ నేను బంద్ చేసిన, ఒక్కసారే" అంది టీచరమ్మ మెల్లగా. (దానికోసం పక్క దిగి, చాలా రోజులకు అన్నం వండిందట.)

కాక నా మీద జాలిపడ్డాడు. "బాయిల ఒకడు రాకుంటే వాని డ్యూటీకి బదిలీ మనిషి దిగుతడు. మందు ఒక్కటే అన్నవ్ కద బిడ్డా, ఎవలు చేస్తేంది?" నేను పుస్తకం తెరిచి పేజీలు తిప్పసాగాను. అంతలో ఆయన గొంతు తగ్గించి, "కాని సగం దారిల యాదికొచ్చింది, గ్యాస్ సూడకుంటనే ఉరికిన. బస్సు వాపస్ తిరగదాయె. చెమటలు వట్టినయ్. ఖానాపూర్ అచ్చేటాలకు అదే సల్లవడ్డది" అన్నాడు. ఆ వెంటనే అత్తవైపు తిరిగి, "చెల్లె, నీ మనుమరాలిని గూడ సూసిన. ముక్కు అచ్చం నీదే" అన్నాడు.

అత్త మొహం ఎర్రబడింది. "నేను సూడకముందు నువ్వు సూసినవా అన్నా?" అని లేచి నిలబడి, చిన్నపిల్లలా ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆదివారం నేనే బస్సెక్కుత" అంది.

ఆదివారం అత్త భర్త పొద్దున్నే సామానుతో ముందు పోయాడు. అత్త ఒక్కతే బస్సెక్కింది, నేనూ కాకా బస్టాండుకు పోయి సాగనంపాం. తోడు వస్తానన్న కాకను నేనే ఆపాను, తోడుంటే భయాన్ని ఆమె తట్టుకున్నట్టు కాదని. తలుపు మూసుకోగానే ఆమె సీట్లోంచి సగం లేచి నావైపు చూసింది. దిగిపో అత్తా అని అరవబోయాను. బస్సు కదిలిపోయింది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ. ఊపిరాడక పడిపోయిందేమో, మధ్యలో దిగి ఎక్కడో కూర్చుందేమో. కాక పక్కన కూర్చుని కాసేపు చూసి, "గ్యాస్ బంద్ అయిందా లేదా అని నేను గూడ గిట్లనే సూసేటోన్ని" అన్నాడు. "ఫోన్ సంచిల వెట్టు బిడ్డా. గుండె కొట్టుకుంటె కొట్టుకోని." పెట్టాను. ఛాయ్ తెచ్చిచ్చాడు. అది చల్లారి, మీగడ కట్టింది.

చివరికి ఫోన్ మోగింది. అవతల పసిపిల్ల ఏడుపు, డప్పులంత గోల. "పాణం పోయిందనే అనుకున్న బిడ్డా. గోదారి దాటినంక సల్లవడ్డది. తొట్టెల నేనే ఏసిన. నా కోడలు నన్ను వట్టుకొని ఒకటే ఏడుపు" అంది అత్త. నేను బస్టాండులో అందరిముందూ వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు కొత్తగా చేరిన కౌన్సెలర్లకు ఈ వైద్యం నేనే నేర్పుతున్నాను. భయంతో కాసేపు కూర్చోండి, అదే తగ్గుతుందని ఎంతో నిబ్బరంగా చెబుతాను. నేను పంపిన మనిషి ఎవరైనా బస్సెక్కిన రోజు మాత్రం, బుద్ధిగా ఫోన్ సంచిలో పెడతాను. పెట్టి, ఆ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.