జాతరలో మైకు మూగబోయిన రోజు

రామన్నపేటలో ఉత్త గాలయ్య అంటే ఎవరికీ తెలియదు. మైకు గాలయ్య అంటే మాత్రం పసిపిల్లలు కూడా ఇల్లు చూపించేవారు. హైదరాబాదులో ఒక రేడియో రిపేరు దుకాణంలో నాలుగేళ్లు ఊడిగం చేసి, షావుకారు చెప్పని విద్యను పక్కనుంచి చూసి నేర్చుకుని వచ్చిన మనిషి. పాత రేడియోల వాల్వులు, టేకు చెక్క పెట్టె, మిలిటరీ వాళ్లు పారేసిన రెండు రేకు గొట్టాలు జమచేసి మైకు సెట్టు తన చేతులతోనే కట్టుకున్నాడు. కరెంటు లేని ఊళ్లకు మోటారు బ్యాటరీని ఎడ్లబండి మీద వేసుకుని పోయేవాడు.

పెళ్లిళ్లలో పాటలు వేసినా, అతనికి పేరు తెచ్చింది గుట్ట జాతర. తప్పిపోయిన పిల్లలను పిలవాలంటే గాలయ్యే పిలవాలి. అదేమంత తేలిక అనుకుంటున్నారా? గుట్ట మీది దేవుడు లింగన్న పేరు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటికొకరికి ఉంటుంది. ఉత్తగా లింగయ్యా అంటే జాతరలో సగం మంది లేచి నిలబడతారు. అందుకే ఊరు, తండ్రి పేరు, అంగీ రంగు, పుట్టుమచ్చ, అన్నీ విడమరిచి చెప్పేవాడు. ఇంత తెలిసినవాడు తన ఒక్కగానొక్క బిడ్డకూ లింగమ్మ అనే పేరు పెట్టుకున్నాడు. మొక్కు మరి!

అరవై మూడులో ఆ బిడ్డకు ఆరేళ్లు. ఆ ఏడు జాతరకు నెల ముందే బ్యాటరీలో పోసే నీళ్ల సీసా అయిపోయింది. నల్లగొండకు పోయి తెచ్చుకోవాలి. మహానుభావుడు పోలేదు. నీళ్లు నీళ్లే కదా అని ఇంటి వెనుక బావి నీళ్లే చేది పోశాడు. ఆ బావి నీళ్లు ఎంత ఉప్పనంటే పప్పు కూడా ఉడకదు. అవి నెలరోజులు లోపలి పలకలను తింటూనే ఉన్నాయి.

జాతర నాడు మధ్యాహ్నం పాట నడుమనే గొట్టం గురగురలాడి ఆగిపోయింది. గాలయ్య తీగలు గీకాడు, ఊదాడు, పెట్టెను చరిచాడు. సరిగ్గా అప్పుడే పెళ్లాం యాదలక్ష్మి గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"పిల్ల కనవడ్తలేదయ్యా! పేలాలు కొంటున్న, కొంగు ఇడిసిపోయింది. జల్ది మైకుల పిలువు!"

గాలయ్య "మైకు సచ్చిందే" అన్నాడు. ఆమె నమ్మలేదు. మైకును లాక్కుని తానే అరిచింది. ఆ అరుపు పక్కనున్న మిఠాయి దుకాణం దాకా కూడా పోలేదు.

గుట్ట కింద ఒక లారీ ఆగి ఉంది. గాలయ్య ఉరికిపోయి డ్రైవరు కాళ్లు పట్టుకున్నాడు. "అన్నా, నీ బ్యాటరీ ఒక్క గడియ ఇయ్యే. నా బిడ్డ తప్పిపోయింది!"

"సేటు బండి తమ్మీ. బ్యాటరీ ఇప్పితే నా నౌకరి ఊడ్తది" అని డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. గాలయ్య వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టి, జనంలో పడి గొంతు చించుకున్నాడు. "లింగమ్మా! ఓ లింగమ్మా!" అంటే ఎనిమిది మంది ఆడపిల్లలు తిరిగి చూశారు. ఎనిమిది మొహాలూ చూశాడు. తన బిడ్డ లేదు.

పొద్దు వాలే వేళకు ఎవరో మోటబావి దగ్గర చిన్న చెప్పు దొరికిందన్నారు. నలుగురు వెదురు గడలు తెచ్చి బావిలో దేవడం మొదలుపెట్టారు. యాదలక్ష్మి గట్టున పడి మట్టి నెత్తిన పోసుకుంటోంది. గడ నీళ్లలో దేనికి తగిలినా గాలయ్య పానం నోట్లోకి వచ్చేది. బావి నీళ్లు పోసిన తన చేతులను రాయికేసి కొట్టుకున్నాడు. "నేనే సంపుకున్న, నా బిడ్డను నేనే సంపుకున్న" అంటుంటే ఆ మాట కూడా సగమే బయటికి వచ్చింది. గొంతు పూర్తిగా పోయింది.

అప్పుడు వచ్చింది చల్ల అమ్ముకునే బిక్షమ్మ, చంకలో పిల్లతో.

"మైకాయన ఎవలయ్యా? గుట్టెనుక బండ్లు ఇడిసిన కాడ మీ రెండో గొట్టం గట్టిన్రు సూడు, గీ పోరి పగటాల నుంచి దాని కిందనే కూసున్నది. సల్ల ఇస్తె తాగది, రమ్మంటె రాది. మా బాపు మైకుల పిలుస్తడు, అప్పుడే వోత అంటది. నేను గూడ పిలుస్తరు పిలుస్తరు అని సూసి సూసి ఎత్తుకొచ్చిన."

యాదలక్ష్మి పిల్లను లాక్కుని ముద్దులతో ముంచెత్తింది. బావిలోని గడలు పైకి వచ్చాయి. గాలయ్య ఏడుస్తూ చేతులు చాచాడు. లింగమ్మ రాలేదు. తల్లి భుజం మీదినుంచి తండ్రిని కోపంగా చూసింది.

"అందరి పిల్లలను పిలుస్తవు. నన్నెందుకు పిలువలే బాపూ?"

గాలయ్య నోరు తెరిచాడు. ఎంత పెగల్చుకున్నా గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు.