గుహలో ఏడు వారాలు

పోయిన ఆదివారం కరీంనగర్‌లో, మా వీధి చివర ఒక డాబా మీది గదిలో పదిమంది పాఠకులు కూడి ఓ మాయాలోకపు నవల గురించి మాట్లాడుకున్నారు. నేనూ వెళ్లాను. అంతా కాలేజీ పిల్లలు. రిటైరై ఇంట్లో ఏ మూల కూర్చోవాలో తెలియక తిరుగుతున్నది నేనొక్కదాన్నే. నవల సాగదీతని వాళ్ల ఫిర్యాదు. "రాజ్యం తగలబడుతుంటే గా హీరో నాలుగు పేజీలు అడవి సూసుకుంట నడుస్తడా మేడమ్? జర ఫికర్ ఉండొద్దా?" అంది ఎదురుగా కూర్చున్న అమ్మాయి. ఇంకో అబ్బాయి ఆ పేజీలన్నీ దాటేసి తిన్నగా యుద్ధం దగ్గరికి వెళ్లానని గొప్పగా చెప్పాడు. మీరేమంటారని నన్నడిగారు. టీ గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చి, ఆలోచించి చెప్తానన్నాను. ఇంటికొచ్చినప్పటి నుంచి కుదురు లేదు. వంటింట్లోకి పోతాను, ఎందుకు పోయానో మరిచి తిరిగొస్తాను. అసలు ఆ అబ్బాయిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. పేజీలు ఎగ్గొట్టడంలో నేను అతని కన్నా చాలా సీనియర్‌ని.

డిగ్రీ రెండో ఏడు ఇంగ్లీషు తప్పిన ఎండాకాలం అది. మా బాపు మొహం చూడలేక, సప్లిమెంటరీ పరీక్ష తేదీ తెలిసేదాకా అని బెల్లంపల్లిలో మా చిన్నమ్మ దగ్గరికి పోయాను. ఆమె భర్తను కాక అని పిలిచేదాన్ని. కాకది బొగ్గుగనిలో పని. రెండు గదుల క్వార్టర్, ముందు రేకుల వరండా, ఎంత తుడిచినా గంటకల్లా మళ్లీ వేలికి అంటే నల్లటి దుమ్ము. అక్కడ నాకు కాలు నిలిచేది కాదు. పొద్దున్నే గోడ క్యాలెండర్ ముందు నిలబడి సెలవులు ముగియడానికి ఇంకా ఎన్ని రోజులో లెక్కపెట్టేదాన్ని. మధ్యాహ్నానికి ఏమైనా తగ్గాయేమోనని మళ్లీ లెక్కపెట్టేదాన్ని. "అట్ల సూడకే, గా క్యాలెండర్ సిగ్గుపడ్తది" అనేది చిన్నమ్మ.

చిన్నమ్మకు చదువు రాదు కానీ వారపత్రికలో వచ్చే ఒక జానపద సీరియల్ అంటే ప్రాణం. చదివి వినిపించే ఉద్యోగం నాకు దొరికింది. కాక ఫస్టు షిఫ్టుకు పోయాక, వంట ముగించుకుని వరండాలో కూర్చునేవాళ్లం. పక్క క్వార్టర్ పెద్దమ్మ కూడా బియ్యం చేటతో వచ్చేది. ఆమె ఆదివారాలు మిషన్ చర్చిలో బైబిలు చదివే మనిషి, ఎంత నెమ్మదైన కథకైనా ఓర్చుకునేది. ఈ కథలో ఒక రాకుమారుడి చెల్లెలు శాపం తగిలి కాళ్ల నుంచి పైకి రాయిగా మారిపోతుంటుంది. గుండె దాకా రాయి కాకముందే అతడు గుహలోకి దిగి ఒక వేరు తేవాలి. ఇంత తొందర పని మీద దిగినవాణ్ణి ఆ రచయిత ఏడు వారాలుగా లోపలే తిప్పుతున్నాడు. ఒక వారమంతా గోడల రంగు, మరో వారమంతా నీటి చుక్కలు. "గోడల ముచ్చట ఎందుకే? ఆడ పిల్ల రాయైతుంది. ఇడిసిపెట్టి ముందుకు పో" అనేది చిన్నమ్మ. "పోనియ్యి చెల్లె, సూస్కుంట నడవనియ్యి" అనేది పెద్దమ్మ. నాకు ఎవరి మాట నచ్చుతుందో చెప్పక్కర్లేదు. గోడలన్నీ ఎగ్గొట్టేదాన్ని.

అయితే చిన్నమ్మకు ఒక పట్టింపు ఉండేది. ఆ వరుస క్వార్టర్లలో చాలామంది ఆడవాళ్లకూ ఉండేది. ఇంటి మనిషి గని లోపల ఉండగా, కథలోని మనిషిని భూమి కింద వదిలేసి పుస్తకం మూయకూడదు. "పైకి తెచ్చినంకనే ముయ్యి" అనేది. రచయితకు ఈ సంగతి తెలియదు కదా, ప్రతి వారం వాణ్ణి ఏ అగాధం అంచునో నిలబెట్టి సశేషం అనేవాడు. అందుకని చివర నేనే రెండు వాక్యాలు అల్లేదాన్ని: తాడు దొరికింది, పైకొచ్చాడు, స్నానం చేసి అన్నం తిన్నాడు. పై వారం చూస్తే వాడు మళ్లీ గుహలోనే ఉండేవాడు. "మల్ల దిగిండా? వీనిది గూడ ఫస్టు షిఫ్టేనా?" అని చిన్నమ్మ ఆశ్చర్యపోయేది. పెద్దమ్మ చేటలోకి చూస్తూ నవ్వుకునేది కానీ నా గుట్టు బయటపెట్టలేదు.

ఒక సాయంత్రం కాక కూడా కథ అడిగి విన్నాడు. నేను గబగబా చెప్పేశాను. ఆయనకు నచ్చలేదు. "పైన కప్పు ఎట్లున్నదో సూడకుంటనే ఉరికిండా? వాడు బతుకడు బిడ్డా" అన్నాడు. గనిలో అడుగు వేసేముందు కప్పును కర్రతో కొట్టి చప్పుడు వింటారట. గట్టిగా మోగితే సరే, డొల్లగా వినిపిస్తే అక్కడ నిలవకూడదట. "పని జల్దిదైతే ఇంకింత మెల్లగ పోతం. లోపల ఉరికెటోడు ఎవడున్నడు?" అన్నాడు. నేను తల ఊపి, మనసులో క్యాలెండర్ లెక్కపెట్టుకున్నాను.

తరువాతి వారంలో ఒకరోజు మధ్యాహ్నం ఫస్టు షిఫ్టు ముగిసిన సైరన్ మోగింది. సైకిళ్ల మీద మనుషులు వచ్చేశారు, కాక రాలేదు. లోపల ఒకచోట కప్పు పెళ్లలు రాలాయని, కొందరు అవతలే ఆగిపోయారని, దారి తీస్తున్నారని దారిన పోతున్నవాళ్లు చెప్పారు. పెద్దమ్మ కనుక్కొస్తానని గేటు దగ్గరికి పరుగెత్తింది. చిన్నమ్మ లేవబోయి మళ్లీ కూర్చుని, పత్రిక నా వైపు తోసింది. "సదువు" అంది. పత్రిక తెరిచి, ఏమీ చూడకుండానే, "అప్పుడు రాకుమారుడికి తాడు దొరికింది" అని మొదలుపెట్టాను.

చిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది. "వాణ్ణి ఉత్తగ పైకి తేకు. ఇయ్యాల నువ్వు తేకు. ఉన్నది ఉన్నట్టు సదువు. గోడలు సదువు."

ఆమెకు అంతా తెలుసన్నమాట. సిగ్గుతో పాత సంచికలన్నీ ట్రంకుపెట్టె కిందనుంచి తీసి మొదటి వారం నుంచి చదివాను. నీలిరాయి గోడలు చదివాను. నీటి చుక్కలు చదివాను. మూడో వారంలో, నేను ఎప్పుడూ చూడని పేజీలో, రాకుమారుడు చేతికర్రతో కప్పును తట్టి, చెవి ఒగ్గి విని, అప్పుడు అడుగు వేశాడు. "మల్లొకపారి సదువు" అంది చిన్నమ్మ. చదివాను. "చప్పుడు ఎట్లొచ్చిందంట?" "గట్టిగ మోగిందంట చిన్నమ్మా." "ఇప్పుడు మెల్లగ పోనియ్యి" అంది.

ఏడో వారం సగంలో ఉండగా పెద్దమ్మ వీధి మొదట్లోంచే "వస్తుండు, వస్తుండు" అని అరిచింది. వెనకే కాక, తల నుంచి పాదాల దాకా నల్లగా, మెల్లగా నడుస్తూ వచ్చాడు. చిన్నమ్మ చెంబుతో నీళ్లందించింది. ఆయన తాగి, వరండా నిండా పరుచుకున్న పత్రికలు చూసి, "వాడు పైకొచ్చిండా?" అని నన్నడిగాడు. "రాలే కాక" అన్నాను. నవ్వి మెట్టు మీద కూలబడ్డాడు.

నాలుగు రోజులకు పరీక్ష తేదీ ఖరారైందని కబురొచ్చింది, ఇంకా పదిహేను రోజుల గడువుంది. ఆ సాయంత్రమే బస్సెక్కాను. చిన్నమ్మ ఇంకో వారం ఉండి కథ చదివి పొమ్మన్నా ఆగలేదు. రాకుమారుడు పైకొచ్చాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కాకా లేడు, చిన్నమ్మా లేదు. వచ్చే ఆదివారం ఆ పిల్లలకు ఏం చెప్పాలో మాత్రం ఇప్పుడు తెలిసింది. ఆ పత్రికలో నేను దాటేసిన పేజీలు ట్రంకుపెట్టె కింద దొరికాయి కాబట్టి వెనక్కి తిప్పి చదవగలిగాను. ఆ ఎండాకాలంలో క్యాలెండర్ చూస్తూ నేను దాటేసిన రోజుల కోసం ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను, అవి ఏ పెట్టె కిందా లేవు.