మద్రాసు రేవులో తీతు

తీతు గోదావరిఖనిలో గని స్టోరు గుమాస్తా. తండ్రి యేసయ్య బతికినన్నాళ్లూ బొగ్గు తవ్వి, ఆ దుమ్ము తెచ్చిన దగ్గుతోనే పోయాడు. భార్య ఎలిజబెత్ పెళ్లయిన మూడో ఏట కామెర్లతో చనిపోయింది. పిల్లలు లేరు. 1967 జూన్ చివర్లో, విదేశం నుంచి వస్తున్న పంపులను మద్రాసు రేవులో విడిపించుకు రావడానికి ఒక మనిషి కావలసి వచ్చినప్పుడు, హెడ్ క్లర్కు సదయ్య నేరుగా అతని బల్ల దగ్గరికే వచ్చాడు.

"నువ్వే పో తమ్మీ. మాకందరికి ఇంట్ల పెండ్లాం పిల్లలున్నరు. నీకేంది, నీకోసం ఎవరు ఎదురుచూస్తరు?"

సదయ్య చెడ్డవాడు కాడు. పనికి తొందరగా ఒప్పించాలని అన్నాడంతే. తీతు "సరే అన్నా" అని, ఆ మర్నాడే రామగుండంలో మద్రాసు బండి ఎక్కాడు.

అతని చొక్కా లోపలి జేబులో ఒక కవరు ఉంది. అందులో బిల్ ఆఫ్ లేడింగ్ అనే కాగితం. ఓడ ఎక్కిన సరుకుకు అదే రసీదు, అదే హక్కు పత్రం. అసలు కాగితం చూపించనిదే ఓడ కంపెనీ ఏజెంటు సరుకు ఇవ్వడు. దానితోపాటు ప్యాకింగ్ లిస్టు. నాలుగు పెట్టెల్లో ఏ పెట్టెలో ఏముందో, దాని కొలతలు, బరువు అన్నీ అందులో ఉన్నాయి.

ఓడ రాలేదు. ఈజిప్టు దగ్గర యుద్ధం జరిగి సూయజ్ కాలువ మూతపడింది. ఓడలన్నీ ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావాలి. రోజూ పొద్దున్నే తీతు ఏజెంటు ఆఫీసుకు వెళ్లి, గోడకున్న నల్లబల్ల మీద ఓడల పేర్లు చదివేవాడు. తన ఓడ పేరు ఉండేది కాదు. "వచ్చే వారం చూడండి" అనేవారు.

రేవుకు దగ్గరలో ఒక లాడ్జిలో చిన్న గది. చుట్టూ అరవం. భోజనం దగ్గర "ఇంకొంచెం అన్నం" అని వేలితో చూపించి అడిగేవాడు. ఆదివారం చర్చికి వెళ్తే రాగం తెలిసిన కీర్తనే మాటలు తెలియకుండా వినిపించేది. పోస్టుమాన్ వచ్చినప్పుడు గదుల్లో వాళ్లంతా మెట్లు దిగేవారు. మొదటి వారం తీతు కూడా దిగాడు. తర్వాత మానేశాడు. సాయంత్రాలు చదువుకోవడానికి ఏమీ లేక ఆ ప్యాకింగ్ లిస్టే తీసి చదివేవాడు. ఒక్కో రోజు తన గొంతు తనకు వినబడాలని పైకే చదివేవాడు.

నలభై మూడో రోజున ఓడ వచ్చింది.

సరుకు షెడ్డులోకి దిగాక కస్టమ్స్ అధికారి పెట్టెలు లెక్కచూశాడు. ఆయన నెల్లూరు మనిషి. మూడే పెట్టెలు.

"నాలుగోది దిగినట్టు లేదయ్యా. మూడూ తీసుకువెళ్లు. దానికోసం ఓడ కంపెనీకి రాసుకో."

"అండ్లనే పంపుల చక్రాలున్నయి సారూ. అవి లేకుంటే పంపులు తిరగయి. అక్కడ గనిల నీళ్లు ఊరుతున్నయి."

ఆయన జాలిగా చూశాడు గానీ ఏమీ చేయలేకపోయాడు. తీతు అనుమతి అడిగి, ఆ పొడుగాటి షెడ్డులో మొదటి మూల నుంచి వెతకడం మొదలుపెట్టాడు. రెండో రోజు మధ్యాహ్నం, వేరే ఊరికి పోవలసిన సామాను గుట్టలో, ఉప్పునీళ్లకు గుర్తులన్నీ చెరిగిపోయిన పెట్టె ఒకటి కనిపించింది. మూరతో కొలిచి చూసి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"పేరూ నంబరూ లేని పెట్టె నీదని ఎలా చెప్పగలవు?" అన్నాడు అధికారి.

తీతు కాగితం తీయలేదు. "పొడుగు నూటపద్దెనిమిది సెంటీమీటర్లు. వెడల్పు డెబ్బై నాలుగు. ఎత్తు అరవై ఒకటి. బరువు మూడువందల ఆరు కిలోలు. లోపట నాలుగు ఇత్తడి చక్రాలు, పన్నెండు బేరింగులు. కొలవుండ్రి సారూ."

కొలిచారు, తూచారు, మూత విప్పారు. అన్నీ సరిపోయాయి. అధికారి సంతకం పెడుతూ, "కంఠతా పట్టావా?" అని అడిగాడు.

"నలభై రోజులసంది నాతోని మాట్లాడింది గా కాయితమొక్కటే సారూ."

ఆయన పెన్ను ఆగింది. ఇద్దరికీ టీ తెప్పించాడు.

పంపులు గూడ్సులో చేరాయి, గనిలో తిరిగాయి, నీళ్లు తగ్గాయి. మేనేజరు స్టోరు వాళ్లందరినీ మెచ్చుకున్నాడు. నవంబరులో మరో సరుకు వస్తోందని సదయ్య మళ్లీ అతని దగ్గరికి వచ్చాడు.

"పోత అన్నా. కాని వారానికో కార్డు రాయాలె నువ్వు."

"పని సంగతులా? తంతి ఇస్త గద."

"పని గురించి గాదు. వాన పడ్డదా, ఎవలింట్ల పెండ్లయింది... ఏదో ఒకటి. పోస్టుమాన్ వచ్చినప్పుడు మెట్లు దిగితె నాకు గూడ ఒకటి ఉండాలె."

జూన్‌లో తానన్న మాట గుర్తొచ్చి సదయ్య తల వంచుకున్నాడు. "రాస్త తమ్మీ" అన్నాడు.

మొదటి కార్డులో నాలుగే ముక్కలు. చలి మొదలైందనీ, చర్చి పెంకులు మార్చారనీ, పక్క క్వార్టరు సారవ్వ మేక రెండు పిల్లలను ఈనిందనీ, నువ్వు బాగున్నావా అనీ. తీతు దాన్ని మెట్ల మీదే నిలబడి చదివాడు.

పదకొండేళ్లు అతను రేవుకు తిరిగాడు. 1974లో సదయ్య రిటైరై నస్పూర్‌లో కొడుకు దగ్గరికి వెళ్లేవరకు కార్డులు తప్పలేదు. తర్వాత వచ్చిన హెడ్ క్లర్కు మర్యాదస్తుడే. తీతు ఆయనను కార్డు రాయమని అడగలేదు.