తీసేసిన బిందువుల జాబితా

2022లో నేను మహారాష్ట్రలోని భివండీలో, టెంఘర్‌లోని మా ఇంటి నుంచే ఒక ఖగోళ పరిశోధన బృందానికి కాంట్రాక్టు మీద నక్షత్రాల వెలుగు గ్రాఫులు పరిశీలించేవాణ్ని. కింది అంతస్తులో మరమగ్గాలు. మావాళ్లు వాటిని సాంచలంటారు. మా చెల్లెలు సుజాత రెండో పరిశీలకురాలు. అంతకుముందు ఆమె శాంతి నగర్‌లో నేసిన బట్టలో తప్పులు పట్టే పని చేసింది.

మేం వెతికేది వైట్ డ్వార్ఫ్‌ల చుట్టూ గ్రహాలను. వైట్ డ్వార్ఫ్ అంటే ఇంధనం అయిపోయి, భూమంత పరిమాణానికి కుంచించుకుపోయిన నక్షత్రం. అక్కడ నీరు గడ్డకట్టకుండా ఉండాలంటే గ్రహం చాలా దగ్గరగా తిరగాలి. అలాంటిది నక్షత్రానికి అడ్డొచ్చేది రెండు మూడు నిమిషాలే. మా ఒక్కో కొలత పది నిమిషాల వెలుగు కలిపి తీసినది. కాబట్టి గ్రాఫులో ఒక్క బిందువే కిందికి జారుతుంది. విడిగా జారిన బిందువును సాఫ్ట్‌వేర్ పొరపాటు కింద జమకట్టి తీసేస్తుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. తీసేసినవాటి జాబితా ఎవరూ తెరవరు.

సుజాత తెరిచింది. ఒక నక్షత్రానికి అవి దాదాపు పదకొండు గంటలకొకటి చొప్పున పడి ఉన్నాయి. పెద్ద టెలిస్కోప్‌కు పంపాల్సిన నక్షత్రాల పట్టికకు ఆ శుక్రవారమే గడువు. ఆమె మా టీమ్ లీడ్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"సార్, పోగులు యాడపడితే ఆడ తెగితే నూలు తప్పు. ఒకే దూరంల తెగితే సాంచె తప్పు. గివి ఒకే దూరంల ఉన్నయి."

ఆయన నవ్వాడు. "అయితే తప్పు మన టెలిస్కోప్‌దేనమ్మా."

"గట్లయితే పక్క నక్షత్రాలకు గూడ పడాలె గద సార్? నాలుగు చూసిన. ఒక్కదానికి లేదు."

"ఇది బట్టల గోదాం కాదు. అది నాయిస్, వట్టి కొలత పొరపాటు. మీ అన్నను సంతకం పెట్టి పంపమనండి."

ఫోన్ పెట్టేశాక ఆమె నా వైపు తిరిగింది. "అన్నా, పెట్టకు. ఒక్కసారి నువ్వన్న చూడు."

నేను చూడలేదు. కాంట్రాక్టు పొడిగింపు ఆయన చేతిలో ఉంది. 'తిరస్కరించవచ్చు' అన్న చోట సంతకం పెట్టాను.

ఆ వానాకాలం డెంగీ వచ్చి సుజాత చనిపోయింది. దినాలు అయ్యాక ఆ జాబితా తెరిచాను. ఆమె చెప్పినట్టే ఉంది. ఆయన మీద వచ్చినంత కోపం నా మీదా వచ్చింది. ఆయనకు చెప్పకుండా, ఆమె మాటలను ఆమె పేరుతోనే రాసి, నేరుగా శాస్త్రవేత్తలకు పంపాను.

మరుసటి ఏడాది పెద్ద టెలిస్కోప్ ఆ నక్షత్రాన్ని చూసింది. పదకొండు గంటలకోసారి దానికి నిజంగానే ఏదో అడ్డొస్తోంది. అయితే అది గ్రహం కాదు. చాలినంత బరువు లేక నక్షత్రం కాలేకపోయిన ఒక మసక గోళం. టీమ్ లీడ్ ఆ రోజే ఫోన్ చేశాడు.

"చూశారుగా, గ్రహం కాదు."

"నాయిస్ కూడా కాదు సార్."

ఆయన ఫోన్ పెట్టేశాడు. క్షమాపణ మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు తీసేసినవాటి జాబితా చూడకుండా నేను దేని మీదా సంతకం పెట్టను. పని నెమ్మదిగా సాగుతోందని ఆయన ఫిర్యాదు చేస్తాడు, చేసుకోనీ. ఒక్కో నక్షత్రానికి అదనంగా పట్టేది పావుగంట. సుజాత నన్ను అడిగింది ఆ పావుగంటే.